గడ్డానికో కమిటీ

కొబ్బరి పీచు అభివృద్ధి సంస్థ వారి కోనసీమ ప్రాంతీయ కార్యాలయంలో ఇంట్లో గడ్డం గీసుకోవడం నేరం కావడానికి మూలకారకుడు గ్రేడింగ్ ఇన్‌స్పెక్టరు వీరభద్రం. పాపం, అతనికి అలాంటి ఉద్దేశమేమీ లేదు. అతనికి ఉన్నదల్లా షుగరూ, పిసినారితనమూను. ఒకే బ్లేడుతో పండగ నుంచి పండగ దాకా నెట్టుకొచ్చే మనిషి. ఆ తుప్పు బ్లేడు ఒకనాడు దవడ మీద గాటు పెట్టింది. చిన్న గాటే కదా అని ఇంత పసుపు అద్ది ఊరుకున్నాడు. షుగరు ఊరుకోలేదు. వారం తిరిగేసరికి దవడ బూరెలా పొంగి, జ్వరం తగిలి, ఆసుపత్రిలో పడ్డాడు.

అతను కోలుకుని వచ్చేసరికి ప్రాంతీయ మేనేజరు త్రివిక్రమరావు గారికి కొత్త ఉత్సాహం పట్టుకుంది. త్రివిక్రమరావు గారు పీచు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. ఆయనకు షుగరు లేదు. ఇతరుల షుగరంటే మాత్రం వల్లమాలిన ఆసక్తి. ఆయన వెంటనే పట్నం నుంచి ఒక డాక్టరును పిలిపించి, సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి, ఉపన్యాసం ఇప్పించారు.

డాక్టరు గారు పని ఉన్న మనిషి. చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పేశారు. షుగరు అదుపులో పెట్టుకోండి. గీసుకునే ముందు గోరువెచ్చని నీళ్లతో మొహం కడుక్కోండి. బ్లేడు శుభ్రంగా ఉండాలి, వెంట్రుక పెరిగే దిశలోనే గీయాలి. అంతకన్నా కరెంటు ట్రిమ్మర్ మేలు, చర్మం తెగదు. పట్టకారుతో పీకొద్దు. గాటు పడితే సబ్బుతో కడిగి, రోజూ చూసుకోండి, ఎర్రబడితే నా దగ్గరికి రండి. అంతే. టీ తాగి వెళ్లిపోయారు.

ఆ మాటల్ని ఆ హాల్లో అందరికన్నా శ్రద్ధగా విన్నది సూపరింటెండెంటు మాణిక్యాంబ. వీరభద్రం వింటూ నిద్రపోయాడు. తక్కిన మగవాళ్లు టీలోకి సమోసా ఉందా లేదా అన్న ఆలోచనలో ఉన్నారు. పట్టకారు మాట వినపడగానే మాణిక్యాంబ మాత్రం పమిట చెంగుతో చుబుకం కింద కప్పుకుంది. అక్కడ ఒక సెగ్గడ్డ ఉంది. వేసవి కదా, వేడి చేసిందని ఆఫీసులో చెప్పింది. వేడీ కాదు, పాడూ కాదు.

ఆవిడకు గడ్డం వస్తుంది. మీసం, గడ్డం పెంచి తిరిగేంత కాదు, చుబుకం కింద పిడికెడు మొండి వెంట్రుకలు. ఇరవయ్యేళ్ల వయసు దాటినప్పటి నుంచి ఇదే తంతు. ఆదివారం పొద్దున్నే స్నానాల గది గడియ పెట్టుకుని, చిన్న అద్దం కిటికీ వెలుతురుకు పట్టుకుని, పట్టకారుతో ఒక్కొక్కటీ పీక్కునేది. ఈ సంగతి భర్త దొరబాబుకు కూడా తెలియదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని దొరబాబు ఏనాడూ చెడగొట్టలేదు. షుగరు వచ్చాక పీకిన చోటల్లా పొక్కులు లేవడం మొదలైంది. ఎవరితో చెప్పుకోగలదు? ఫైలు మీద ఆవిడ సంతకం పడితే మేనేజరు చదవకుండా సంతకం పెడతాడని పేరున్న మనిషి, సొంత చుబుకం సంగతి మాత్రం దొంగసరుకులా దాచుకుంటూ వచ్చింది.

ఉపన్యాసమైన మర్నాడు మాణిక్యాంబ సెలవు పెట్టి, పట్నం వెళ్లి, ఆ డాక్టరు గారి గదిలో తలుపు మూశాక గాని చుబుకం మీంచి పమిట చెంగు తీయలేదు.

ఆయన చూసి, "దీనికింత భయమెందుకమ్మా? ఇది చాలామంది ఆడవాళ్లకి ఉంటది. చెప్పరు, అంతే," అన్నారు. సెగ్గడ్డకు మందు రాసి, పట్టకారు అవతల పారేయమని, ట్రిమ్మర్ కొనుక్కోమని చెప్పారు. మాణిక్యాంబకు నెత్తి మీది బరువు దించినట్టయింది. గడ్డ మానింది. చర్మం నున్నబడింది. పీకుడు లేదు, పొక్కు లేదు. హాయిగా ఉంది.

ఆ హాయి పట్టుమని ఒక నెల కూడా సాగనివ్వలేదు త్రివిక్రమరావు గారు.

డాక్టరు చెప్పింది ఆయనకు బొత్తిగా చాలలేదు. "ఉపన్యాసమొక్కటే సరిపోతుందామ్మా? దాన్ని వ్యవస్థీకరించాలి," అని మాణిక్యాంబను పిలిచి, సర్క్యులరు డ్రాఫ్టు పెట్టమన్నారు. సారాంశం ఇదీ: మధుమేహం ఉన్న ఉద్యోగి ఎవరూ ఇకమీదట ఇంట్లోగాని, మంగలి షాపులోగాని ముఖరోమాలు తొలగించుకోరాదు. కార్యాలయంలోనే, కమిటీ సమక్షంలో, శాస్త్రీయంగా తొలగించుకోవలెను. 'ముఖరోమ సురక్షిత నిర్మూలన కమిటీ' అని పేరు కూడా ఆయనే పెట్టారు.

మాణిక్యాంబ ముప్పై ఏళ్ల అనుభవమంతా ఉపయోగించి, మొదటి వాక్యంలో ఒకే ఒక్క మాట అదనంగా చేర్చింది. 'మధుమేహమున్న పురుష ఉద్యోగులు' అని రాసింది.

తన సొంత పథకం కాబట్టి ఈసారి మాత్రం చదివిన త్రివిక్రమరావు గారి కలం సరిగ్గా అక్కడే ఆగింది. "ఈ 'పురుష' ఏంటమ్మా?"

"గడ్డాలు మగవాళ్లవే కదండీ సార్."

"చూశారా, ఇదే మన ఆలోచనా విధానంలో లోపం," అని ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "సంస్థ కల్పించే ఏ ఒక్క సదుపాయమూ మహిళలకు అందకుండా పోరాదు. సమానత్వం కాగితం మీదనే మొదలవ్వాలి!" అని ఎర్ర సిరాతో 'పురుష' కొట్టేశారు.

మాణిక్యాంబ మనసులోనే లెక్క వేసుకుంది. షుగరున్న స్త్రీ ఆ ఆఫీసులో తనొక్కతే. ఇంకో మాట అంటే ఎందుకంటున్నావని అడుగుతారు. ఎందుకో చెప్పలేదు. అందుకని, "అలాగేనండి," అని తన మెడకు తగిలే ఉరితాడును తనే చక్కగా టైపు చేయించి, నోటీసు బోర్డు మీద పెట్టించింది.

కమిటీ మొదటి సమావేశం గ్రేడింగ్ హాల్లో జరిగింది. పీచు మోపులు పక్కకు జరిపి, మధ్యలో కుర్చీ వేశారు. మొదటి అభ్యర్థి, న్యాయంగానే, వీరభద్రం. తువ్వాలు కప్పుకుని, చెవుల దాకా సబ్బు నురగతో, పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

డాక్టరు చెప్పిన ఒక్కొక్క ముక్కా అక్కడ ఒక్కొక్క నిబంధన అయి కూర్చుంది. షుగరు అదుపులో ఉండాలన్నారు కాబట్టి ముందు వేలు పొడిచి చూశారు. కమిటీ సభ్యులందరూ మీద పడి చూస్తుంటే ఎవరి షుగరు మాత్రం కింద ఉంటుంది? ఎక్కువుందన్నారు. మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వచ్చిన రోజు షుగరు బాగుంది గాని నీళ్లు గోరువెచ్చగా లేవు. గోరువెచ్చన అంటే ఎంత వెచ్చన అని త్రివిక్రమరావు గారు అడిగారు. ఎవరికీ తెలియదు. థర్మామీటరు కొనడానికి కొటేషన్లు పిలిచారు. అవి వచ్చేదాకా నీళ్లు కాచడం, చల్లారబోయడం జరుగుతూనే ఉంది.

తర్వాత దిశ. వెంట్రుక పెరిగే దిశలో గీయాలి కదా. మోపుల మీద గుర్తులు పెట్టే నీలిరంగు సుద్దతో వీరభద్రం చెంపల మీద బాణాలు గీశారు. చెంపల దాకా బాగానే ఉంది. మెడ దగ్గరికొచ్చేసరికి వెంట్రుకలు సుడి తిరిగి ఉన్నాయి. సుడికి దిశ ఏది? ఈ విషయంలో స్పష్టత కోరుతూ ప్రధాన కార్యాలయానికి ఉత్తరం వెళ్లింది. వెళ్లిన ఉత్తరం వెళ్లినట్టే అక్కడ ఉండిపోయింది, జవాబు రాలేదు.

ఇవన్నీ ఎలాగో గట్టెక్కేవే. అసలు చిక్కు గ్రేడరు సుందర్రావు తెచ్చిపెట్టాడు. సుందర్రావు పీచు తప్ప మరో లోకం ఎరగని మనిషి. నీతిపరుడు. చేతిలో స్కేలు, జేబులో భూతద్దం లేకుండా భోజనానికి కూడా లేవడు. కమిటీలో సాంకేతిక సభ్యుడిగా అతన్ని వేశారు.

"సార్, తీసేముందు నమూనా గ్రేడు చెయ్యాలి కదండీ," అన్నాడు. "మన మాన్యువల్ ప్రకారం ఈ హాల్లో ఏ పీచు కోసినా గ్రేడు ఎయ్యకుండా బయటికి పంపకూడదండి."

"భేషైన మాట," అన్నారు త్రివిక్రమరావు గారు. "వెయ్యండి గ్రేడు."

సుందర్రావు వీరభద్రం చెంపకు స్కేలు ఆనించి, భూతద్దంలో చూసి, తల అడ్డంగా ఊపాడు. "కుదరదండి. ఇది పీచు కింద రాదండి. ఇంత పొట్టిగా ఉంటే మాన్యువల్లో పొట్టు అంటారు. పొట్టుకి గ్రేడు లేదండి."

"మరేం చెయ్యాలి?"

"పెరగనివ్వాలండి. రెండంగుళాలు దాటితే సీ గ్రేడు ఎయ్యొచ్చు."

వీరభద్రం నురగలోంచి, "ఆయ్, రెండంగుళాలేంటండి బాబూ! నేను తీసెయ్యడానికొచ్చాను గాని పెంచుకోడానిక్కాదు కదండీ!" అని మొత్తుకున్నాడు. కమిటీ అతని మొత్తుకోలు నమోదు చేసుకుని, గడ్డం పెరిగే వరకూ నిర్మూలన వాయిదా వేసింది.

అలా షుగరున్న వాళ్లందరి గడ్డాలూ క్షేమంగా, శాస్త్రీయంగా పెరగసాగాయి. కోనసీమ ఎండల్లో, ఆ తేమలో, దురద అంతా ఇంతా కాదు. అకౌంటెంటు పెన్సిలుతో గోక్కునేవాడు. గోకితే గీరుకుపోయేది. గీరుకుపోతే పొక్కు లేచేది. గాటు పడకూడదని పెట్టిన నిబంధన పుణ్యమా అని ఆఫీసులో గాటు లేని మొహం లేకుండా పోయింది. పీచు అమ్ముకోవడానికి వచ్చే రైతులు నడి వేసవిలో దీక్షలేంటా అనుకుని, "స్వామీ, మా బిల్లు ఎప్పుడొస్తదండీ?" అని దణ్ణాలు పెట్టేవారు. వీరభద్రం భార్య మాత్రం ఆఫీసుకే వచ్చి, త్రివిక్రమరావు గారి ఎదుటే, "మా ఆయన్ని గొరిగి ఇంటికి పంపుతారా, నన్ను పుట్టింటికి ఎల్లిపొమ్మంటారా?" అని నిలదీసింది. ఆవిడ అర్జీని కూడా కమిటీకి పంపారు.

ఇన్నాళ్లూ మాణిక్యాంబ ఏం చేసింది? ఏమీ చేయలేదు. అన్ని ఫైళ్లూ నడిపింది. ఆదివారం ఆదివారం గడియ పెట్టుకుని, వెచ్చని నీళ్లతో కడుక్కుని, ట్రిమ్మర్ ఆడించి, నోరు మూసుకుని ఆఫీసుకు వచ్చింది. షుగరున్న ఉద్యోగుల గడ్డాల మీద కమిటీ తయారుచేసే నివేదికలో తన పేరు ఎదురుగా 'శూన్యం' అని రాసుకుంది. తన గురించి ఎవరికీ తట్టదనుకుంది.

ఎండీ గారు వస్తున్నారని కబురు వచ్చాక తట్టింది. సంస్థ మేనేజింగ్ డైరెక్టరు హైమవతి గారు ఈ పథకం గురించి విని, స్వయంగా చూడటానికి వస్తున్నారట. త్రివిక్రమరావు గారి కాళ్లు నేల మీద లేవు. నూరు శాతం అమలు చూపించాలన్నారు. ముందు రోజు సాయంత్రం నివేదిక ముందేసుకుని, వేలు జార్చుకుంటూ వచ్చి, మాణిక్యాంబ పేరు దగ్గర ఆగారు.

"ఇది శూన్యమని ఎవరు నిర్ధారించారమ్మా?"

"నేనేనండి."

"అభ్యర్థి తనకు తాను నిర్ధారించుకోవడం నిబంధనలకు విరుద్ధం. శూన్యమైనా సరే, నిర్ధారిత శూన్యం కావాలి. రేపు పొద్దున్న ఎండీ గారు వచ్చేలోగా సుందర్రావు భూతద్దంతో పరిశీలించి, ధ్రువపత్రం ఇస్తాడు. హాల్లో, పారదర్శకంగా," అని ఆయన చిరునవ్వు నవ్వారు. "మీరేం కంగారు పడకండి. లాంఛనమే."

మాణిక్యాంబకు ఆ సాయంత్రం అన్నం సయించలేదు. సెలవు పెడితే ఎండీ గారి ముందు అలుసైపోతుంది. వెళితే భూతద్దం. ట్రిమ్మర్ తీసినా మొదళ్లు మిగులుతాయి, సుందర్రావు కన్ను వాటిని వదలదు. 'మేడమ్ గారిది పొట్టు' అని హాలంతా వినపడేలా చదువుతాడు. ముప్పై ఏళ్లు దాచుకున్న పరువు. దొరబాబు మాట్లాడకుండా మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి వెళ్లాడు. ఆ మంచితనానికి కూడా ఆవిడకు ఏడుపొచ్చింది.

పొద్దున్న హాల్లో గడ్డాలన్నీ బారుతీరి కూర్చున్నాయి. మధ్యలో కుర్చీ. సుందర్రావు భూతద్దాన్ని పంచె కొంగుతో తుడుస్తూ, పాపం, సిగ్గుపడిపోతున్నాడు.

"మేడమ్ గారూ, ఏమనుకోకండి. కొంచెం మొహం ఇలా కిటికీ వైపు తిప్పండి. లాంఛనమేనండి."

మాణిక్యాంబ కుర్చీలో కూర్చోలేదు. ఆ నీలి సుద్దనీ, స్కేలునీ, పొక్కులెక్కిన ఆ మొహాలనీ చూసింది. భయపడి భయపడి ఆవిడకు చివరికి ఒళ్లు మండిపోయింది.

"ఆ భూతద్దం అక్కడ పెట్టండి సుందర్రావు గారూ," అంది. "అక్కర్లేదు. నాకు గడ్డం వస్తుంది. ఇరవయ్యేళ్లు దాటినప్పట్నుంచీ వస్తుంది. పట్టకారుతో పీక్కునేదాన్ని, గడ్డ లేచి నానా అవస్థా పడ్డాను. డాక్టరు గారు చెప్పినట్టు ఇప్పుడు ట్రిమ్మర్‌తో తీసుకుంటున్నాను. మా ఇంట్లో. మా అద్దం ముందు. దానికి మీరెవరూ నాకు అక్కర్లేదు."

ఆవిడ నవ్వుల కోసం చెవులు రిక్కించింది. ఎవరూ నవ్వలేదు. అంగుళం గడ్డం పెట్టుకుని ఇంకొకరి గడ్డాన్ని చూసి నవ్వడం మనిషికి చేతకాదు. వీరభద్రం ఒక్కడే ముందుకు వంగి, ఆశగా, "ఆ మిషను దురద పెట్టదాండీ మేడమ్ గారూ?" అన్నాడు.

త్రివిక్రమరావు గారు మాత్రం మనసులోనే జీవోలన్నీ తిరగేశారు. ఆడమనిషి గడ్డం గురించి ఏ జీవోలో ఏముందో ఆయనకు గుర్తు రాలేదు. గుర్తొచ్చిన దాన్ని పట్టుకున్నారు. "ఇంట్లో తొలగించుకున్నారా? అనుమతి లేకుండా? ఇది ఉల్లంఘన! స్వయంగా అంగీకరించిన ఉల్లంఘన! వెంటనే ఛార్జి మెమో ఇవ్వాలి. ఎండీ గారు వచ్చేసరికి బోర్డు మీద ఉండాలి. సంస్థ ఎంత కఠినంగా ఉంటుందో వారు చూడాలి. డ్రాఫ్టు పెట్టండమ్మా!"

ఆ ఆఫీసులో డ్రాఫ్టు పెట్టేది మాణిక్యాంబే. కాబట్టి తన మీద మెమో తనే రాసింది. ఆవిడ డ్రాఫ్టులో ఎప్పుడూ తప్పు ఉండదు. అందులోనూ లేదు.

'శ్రీమతి మాణిక్యాంబ, సూపరింటెండెంటు, తన షుగరును మందులతో అదుపులో ఉంచుకుని, వారానికోసారి తన ఇంట్లో, గోరువెచ్చని నీళ్లతో మొహం కడుక్కుని, మెత్తటి తువ్వాలుతో అద్దుకుని, శుభ్రంగా తుడిచిన కరెంటు ట్రిమ్మర్‌ను చర్మానికి నొక్కకుండా తేలిగ్గా ఆడిస్తూ, ఏ ఒక్క వెంట్రుకనూ పీకకుండా, ఒక్క గాటూ పడకుండా, తరువాత చర్మానికి క్రీము రాసుకుని, మర్నాడు అద్దంలో పరిశీలించుకుని, ఎవరి అనుమతీ లేకుండా ముఖరోమాలు తొలగించుకున్నట్టు అంగీకరించి యున్నారు. ఇందుకు వారిపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను.'

త్రివిక్రమరావు గారు ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టారు. మెమో బోర్డెక్కింది.

బోర్డు ముందు గడ్డాలు మూగాయి. అకౌంటెంటు పైకి చదివాడు. వీరభద్రం రెండోసారి చదివించుకున్నాడు. సుందర్రావు భూతద్దం పెట్టి చదివాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే, టీకని చెప్పి, బజారు వైపు వెళ్లారు. సంస్థ పుట్టిన నాటి నుంచి బోర్డు మీద పెట్టిన కాగితాల్లో అక్షరం పొల్లు పోకుండా అమలు జరిగినది అదొక్కటే.

మధ్యాహ్నం హైమవతి గారు కారు దిగేసరికి హాల్లో ఒక్క గడ్డం లేదు. నున్నటి మొహాలు, వాటి మీద చల్లటి క్రీము మెరుపు. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఏవండీ త్రివిక్రమరావు గారూ, గడ్డాలేవీ?" అన్నారు. ఇన్నాళ్లు పెంచిన పథకమంతా టీ వేళలో రాలిపోయిందని ఆయన ఎలా చెబుతారు? చేతులు పిసుక్కుంటూ, "ముందు మేడమ్‌కి కొబ్బరి బోండాలు," అని తనే దుకాణానికి పరుగెత్తారు.

హైమవతి గారు నోటీసు బోర్డు దగ్గర నిలబడి, మెమో మొత్తం నిదానంగా చదివారు. చదివి, మాణిక్యాంబ గదిలోకి వచ్చారు.

"ఈ మెమో ఎవరి మీదండీ?"

"నా మీదేనండి."

"రాసిందెవరు?"

"నేనేనండి."

హైమవతి గారు నవ్వలేదు. సంచిలోంచి పెన్ను తీసి, మెమో నకలు మీద 'చర్య అనవసరం. కమిటీ రద్దు. దీన్నే అన్ని కార్యాలయాలకూ మార్గదర్శకంగా పంపవలెను' అని రాసి సంతకం పెట్టారు. పెన్ను మూత పెట్టి కూడా కదల్లేదు. ఆవిడ చేతి వేళ్లు మెల్లగా చుబుకం కిందికి వెళ్లి, అక్కడేదో వెతుక్కున్నాయి. ఆ వెతుకులాట మాణిక్యాంబకు బాగా తెలుసు.

"పట్టకారు మానేశాక," అన్నారు హైమవతి గారు, గొంతు తగ్గించి, "పొక్కులు పూర్తిగా పోయాయాండీ?"

మాణిక్యాంబ కుర్చీ లాగి, ఆవిడ ఎదురుగా వేసింది. "కూర్చోండి మేడమ్. అన్నీ చెప్తాను," అంది. గొంతు తగ్గించాల్సిన అవసరం ఆవిడకు కనబడలేదు.

అప్పుడే త్రివిక్రమరావు గారు రెండు చేతుల్లో రెండు కొబ్బరి బోండాలతో గుమ్మంలోకి వచ్చారు. "మేడమ్, ఏ అంశంపై చర్చ? నేను కూడా హాజరు కానా?"

"వద్దండీ," అన్నారు ఎండీ గారు. "ఇది నిపుణుల స్థాయి సమావేశం. మీరు తలుపు దగ్గరగా వేసి, కాసేపు బయట ఉండండి."

ఆయన మోచేత్తో తలుపు వేసి, బోండాలు పట్టుకుని, వరండాలో నిలబడ్డారు.